బ్రహ్మకమలము ఏల పూయదు?

“మూడేండ్లుగా పెంచుచున్నాము, ఒక్క మొగ్గయైనను తొడుగలేదు” అని బ్రహ్మకమలమును గూర్చి విచారించు గృహిణులు పెక్కుమంది కలరు. కొందరు విసిగి కుండీతోసహా పారవేయుదురు. దోషము మొక్కది కాదు. అది ఎచ్చటి మొక్కయో ఎరుగక పెంచుటయే ఇందుకు తరచు కారణము.

మొదట పేరే మనలను తికమక పెట్టును. అసలు బ్రహ్మకమలము హిమాలయములలో మిక్కిలి ఎత్తున పెరుగును. అది చేమంతి కుటుంబమునకు చెందినది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పము అదియే. మన వసారాలలో రాత్రివేళ పూచునది వేరు. దీని శాస్త్రీయ నామము ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. జన్మస్థానము మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతముల అడవులు. నాగజెముడు వలె ఇదియు కాక్టస్ కుటుంబములోనిదే. మనము ఆకులనుకొనునవి నిజమునకు బల్లపరుపుగా మారిన కాండములు. మొగ్గలు వాని అంచుల గంట్లనుండియే వెలువడును.

జెముడు అనగానే ఇసుకనేల, మండుటెండ తలపునకు వచ్చును. ఈ జెముడు మాత్రము ఎడారిది కాదు. అడవిలో పెద్ద చెట్ల కొమ్మల పంగలలో పెరుగును. అయినను బదనిక వలె చెట్టు రసమును పీల్చదు. పంగలో చేరి చివికిన ఆకులనుండి, వాననీటినుండి తనకు కావలసినది తానే గ్రహించును. అచ్చట ఎండ జల్లెడ పట్టినట్లు దిగును. వాన ఎంత కురిసినను వేళ్లకడ నీరు నిలువదు. ఈ రెండు సంగతులు గుర్తుంచుకొన్నచో దీని పెంపకము తెలిసినట్లే.

కావున బంకమన్ను పనికిరాదు. తోటమన్ను, ముతక ఇసుక, బాగుగా చివికిన ఆకుల ఎరువు సమపాళ్లుగా కలిపి, కుండీ అడుగున పెంకుముక్కలు పరచవలెను. జానెడు కాండపుముక్కను కోసి, కోసినచోటు ఆరువరకు వారము దినములు నీడన ఉంచి, 2 అంగుళముల లోతున నాటవలెను. ఉదయపుటెండ 2, 3 గంటలు తగిలి, మధ్యాహ్నపుటెండ సోకని తూర్పు వసారా దీనికి శ్రేష్ఠము. కటికనీడలో కాండములు సాగునేకాని పూయవు. పైమన్ను అంగుళము మేర ఆరిన పిదపనే నీరు పోయవలెను. శీతకాలమున ఇంకను తగ్గింపవలెను. కుండీక్రింది పళ్లెములో నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. నత్రజని ఎరువు మితిమీరినచో పచ్చదనమే మిగులును. పిండినల్లి కనిపించినచో సబ్బునీటిలో తడిపిన దూదితో తుడిచివేయవలెను.

ఇట్లు పెంచిన మొక్క సాధారణముగా 2, 3 ఏండ్లకు పూతకు వచ్చును. మొగ్గ తొడిగిన తరువాత కుండీని అటునిటు మార్చరాదు, మొగ్గలు రాలవచ్చును. వ్రేలాడు మొగ్గ కొన్ని వారములకు మెడ పైకెత్తి ఉబ్బినచో, విచ్చు సమయము దగ్గరపడినదని గ్రహింపవలెను. పువ్వు చీకటి పడిన పిదప విచ్చి, అర్ధరాత్రికి పూర్తిగా విప్పారి, తెల్లవారుసరికి వాడిపోవును. ఆ తెలుపు, ఆ పరిమళము రాత్రివేళ తిరుగు రెక్కలపురుగులను పిలుచుటకే ఏర్పడినవి.

మీ మొక్క ఇంకను పూయకున్నచో, దానిని పారవేయుటకు ముందు చోటు మార్చి, నీరు తగ్గించి, ఒక్క ఏడాది ఓపిక పట్టి చూడుడు.