నందనార్ (1935): పోయిన బొమ్మ, మిగిలిన పాట

తమిళంలో టాకీలు మొదలైన నాలుగేళ్ళకు, 1935లో, 'నందనార్' వచ్చింది. దర్శకుడు మాణిక్‌లాల్ టాండన్. నందుడి వేషం కె.బి. సుందరాంబాళ్‌ది. ఈ సినిమా ప్రింటు ఇవ్వాళ ఎక్కడా దొరకడం లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము వేడికీ తేమకూ చెడిపోయేది, ఇట్టే అంటుకునేది. ఆడి అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించడం కూడా ఉండేది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. మొదటి హిందీ టాకీ 'ఆలం ఆరా'కూ ఇదే గతి పట్టింది. కాబట్టి దళితుడి కథ గనకే దీన్ని పోగొట్టారని అనలేం. కానీ ఈ కథలో ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది మాత్రం మనం అడగాల్సిన ప్రశ్న.

నందుడు అరవైముగ్గురు నాయనార్లలో ఒకడు. 12వ శతాబ్దంలో శేక్కిళార్ రాసిన పెరియపురాణం ప్రకారం ఆదనూరు పులయవాడ మనిషి. గుడి భేరీలకు తోళ్ళు, వీణలకు నరాలు ఇచ్చేవాడు. ఇచ్చినోడికి మాత్రం గుడిలోకి దారి లేదు. తిరుప్పుంగూరులో బయట నిలబడి చూస్తుంటే నంది పక్కకు జరిగిందంటారు. చిదంబరంలో అదీ జరగలేదు. నిప్పుల్లో దిగి, జందెంతో బ్రాహ్మణ మునిగా బయటికొచ్చాకే లోపలికి పోయాడు. అంటే నందుడు నందుడిగా గుడిలో అడుగు పెట్టలేదు. ముందు పులయ శరీరం కాలిపోవాలి.

19వ శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి దీన్ని కీర్తనలతో 'నందన్ చరిత్రం'గా రాశాడు. పురాణంలో లేని ఒక బ్రాహ్మణ భూస్వామిని, వేదియార్‌ను, అందులోకి తెచ్చాడు. ఇది మూలంలో లేదు కదా అని మహావిద్వాన్ మీనాక్షిసుందరం పిళ్ళై అభ్యంతరపడ్డాడు కూడా. కానీ ఈ చేర్పు చిన్నది కాదు. దీనితో నందుడు పాలేరయ్యాడు. చిదంబరం పోవాలంటే దొర సెలవివ్వాలి. నలభై వేలి భూమి పంట కోసి పొమ్మంటాడు దొర. ఆ పని శివగణాలు రాత్రికి రాత్రి చేసిపెడతాయి. దొర నందుడి కాళ్ళ మీద పడతాడు. కులం ప్రశ్న వెట్టి ప్రశ్నగా మారిన చోటనే మహిమ వచ్చి దాన్ని మూసేసింది. భూమి ఎవరిదో, కూలి ఎంతో ఎవరూ అడగరు. సినిమా తీసుకున్నది ఈ కథనే.

ఇక వేషాలు కట్టిందెవరో చూద్దాం. సుందరాంబాళ్ నాటకరంగంలో పేరున్న గాయని. భర్త, గాయకనటుడు కిట్టప్ప 1933లో చనిపోయాక రంగస్థలానికి దూరమైంది. మగవాడి సరసన నటించనంది. నిర్మాత హసన్‌దాస్ వదలకపోతే లక్ష రూపాయలడిగింది, ఆయన ఇచ్చాడు. ఆ రోజుల్లో అది దేశమంతా చెప్పుకున్న మొత్తం. దొర వేషం కర్ణాటక సంగీత విద్వాంసుడు మహారాజపురం విశ్వనాథ అయ్యర్‌ది. అప్పటికి ప్లేబాక్ స్థిరపడలేదు. నటులే పాడాలి, అందుకే పాడేవాళ్ళకే వేషాలు. సంగీతం నేర్చే అవకాశం ఏ కులాలకు ఉంటే వాళ్ళకే తెర దక్కింది. భేరికి తోలిచ్చినోడి కథకు గొంతు వేరేవాళ్ళది.

కాలం కూడా గమనించాలి. 1932లో పూనా ఒడంబడిక. 1933-34లో గాంధీ హరిజన యాత్ర. గుడి తలుపులు తెరవండని సంస్కర్తలు సవర్ణులను బతిమాలుతున్న రోజులు. ఎన్నాళ్ళైనా బయట నిలబడి, ఎదురు చెప్పకుండా పాడుకునే నందుడు ఆ సంస్కరణకు బాగా సరిపోయాడు. తెలుగులో 1938లో వచ్చిన 'మాలపిల్ల' కూడా ఆ గాలిలో పుట్టిందే. కానీ అదే 1935 అక్టోబర్ 13న యేవలాలో అంబేడ్కర్, తాను హిందువుగా చావనని ప్రకటించాడు. ఆయన అడిగింది గుడి సెలవు కాదు. అంతమాత్రాన నందుణ్ణి మనం సంస్కర్తలకు వదిలేయలేం. 1948లో 'అంటరానివారు' గ్రంథాన్ని అంబేడ్కర్ నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికే అంకితమిచ్చాడు. నందుడు ఎవరివాడన్న తగువు అప్పటికే ఉందన్నమాట.

సుందరాంబాళ్ పాటలు గ్రామఫోన్ రికార్డుల్లో మిగిలాయి. భారతి కీర్తనలు సభల్లో ఇప్పటికీ పాడుతున్నారు. లోపలికి రావచ్చా అని గుడి బయట నిలబడి అడిగే పాటను, ఆ పరిస్థితి ఏనాడూ ఎరగని వాళ్ళు రాగం కోసం వింటున్నారు. దండపాణి దేశికర్‌తో జెమినీ 1942లో తీసిన 'నందనార్' ఉంది. 1935 బొమ్మతో పోయింది శరీరం: ఆ పాలేరు పొలంలో ఎట్లా వంగాడు, దొర ముందు ఎంత దూరంలో నిలబడ్డాడు, నిప్పుల్లో దిగేటప్పుడు ముఖం ఎట్లా ఉంది. భక్తి మిగిలి, చాకిరీ చెరిగిపోయింది.

అందుకే వెతకాల్సింది ప్రింటు కోసం మాత్రమే కాదు. హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, ప్రకటనలు, పత్రికల సమీక్షలు సేకరించాలి. అన్నిటికంటే ముఖ్యంగా నేల టికెట్టు కొనుక్కుని చూసిన పేటల జనం ఏమనుకున్నారన్నది కావాలి. వాళ్ళు ఇప్పుడు దాదాపు లేరు. వాళ్ళు మనవళ్ళకు చెప్పిన మాటలైనా రాసిపెట్టుకోకపోతే, నందుడి కథను ఈసారి కూడా వేరేవాళ్ళ నోటే వినాల్సి వస్తుంది.