అయానిక్ జెల్: పొగడ్తల్లో నిజమెంత?

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలోనే ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి ‘మంటలంటుకోని బ్యాటరీ’ అన్న మాట ఎక్కడ వినపడినా మన చెవి అటే పోతోంది. ఆ మాట వెంటే వినపడే పేరు, అయానిక్ ద్రవాలతో చేసే జెల్ పాలిమర్ ఎలక్ట్రోలైట్. పదార్థం మంచిదే. పేచీ అంతా దాని మీద జరుగుతున్న ప్రచారంతోనే.

అపోహ: ఫోన్‌లోని ‘లిథియం పాలిమర్’ బ్యాటరీలో ఉన్నది ఇదే.

కాదు. పలుచని సంచీలో వచ్చే ఆ బ్యాటరీల్లో చాలావాటిలో ఉండేది మామూలు కార్బొనేట్ ద్రావకమే, తేలిగ్గా అంటుకునే రకం.

అపోహ: అయానిక్ ద్రవమంటే ఉప్పునీళ్లలాంటిది.

ఇందులో నీరు ఉండదు, ద్రవమే ఉప్పు. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అయాన్లు పెద్దవిగా, వంకరటింకరగా ఉంటే స్ఫటికంలో సరిగా సర్దుకోలేవు కాబట్టి కొన్ని లవణాలు గది వేడికే ద్రవంగా ఉండిపోతాయి. అలాంటిదొకటైన ఇథైల్ అమోనియం నైట్రేట్‌ను 1914లోనే పాల్ వాల్డెన్ వర్ణించాడు. గాలికీ తేమకూ చెడని రకాలు 1992లో విల్క్స్, జావొరోట్కోల చేతుల మీదుగా వచ్చాయి. 1997 నాటికే ఫుల్లర్, బ్రీడా, కార్లిన్ వీటిని పాలిమర్‌తో కలిపి జెల్ చేశారు. కాబట్టి ఇది నిన్న మొన్నటి కొత్త వింతేమీ కాదు.

తయారీలో ఒక పద్ధతి చాలా సులువు. పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ అనే పాలిమర్‌ను అసిటోన్‌లో కరిగించి, అయానిక్ ద్రవాన్నీ లిథియం లవణాన్నీ కలిపి, గాజు పళ్లెంలో పలుచగా పోస్తారు. అసిటోన్ ఎగిరిపోతుంది. అయానిక్ ద్రవం దాదాపు ఆవిరి కాదు కాబట్టి లోపలే నిలుస్తుంది. పళ్లెం నుంచి ఊడదీస్తే వంగే పొర చేతికొస్తుంది. ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది గానీ, చాలా పొరల్లో బరువులో సగానికి పైగా ద్రవమే.

అపోహ: ఇది కాలనే కాలదు.

ఆవిరి దాదాపు పుట్టదు కాబట్టి నిప్పంటుకోవడం కష్టం, అంతవరకు నిజం. బాగా వేడెక్కితే మాత్రం ఈ ద్రవాలూ విచ్ఛిన్నమవుతాయి, అప్పుడు వెలువడేవాటిలో మండేవీ ఉంటాయి. పైగా బ్యాటరీ మంటకు ఎలక్ట్రోలైట్ ఒక్కటే కారణం కాదు. లోపల షార్ట్ సర్క్యూట్ అయితే నిల్వ ఉన్న శక్తంతా వేడిగా మారుతుంది, నికెల్ ఎక్కువున్న కేథోడ్‌లు ఆ వేడికి ఆక్సిజన్ వదులుతాయి. జెల్ ప్రమాదాన్ని తగ్గించగలదు, అంతేగానీ దాన్ని లేకుండా చెయ్యలేదు.

అపోహ: వాహకత ఎక్కువగా ఉంటే బ్యాటరీ వేగంగా ఛార్జ్ అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇమిడజోలియం జాతికి చెందిన, టీఎఫ్‌ఎస్‌ఐ రుణ అయాన్ ఉన్న ఒక ప్రసిద్ధ ద్రవానికి 25 డిగ్రీల దగ్గర వాహకత సెంటీమీటరుకు దాదాపు 9 మిల్లీసీమెన్స్. మామూలు బ్యాటరీ ద్రవానిది 10 ప్రాంతంలో ఉంటుంది. రెండూ సమానమేగా అనిపిస్తుంది. కానీ ఆ 9లో లిథియం వాటా సున్నా, ఎందుకంటే అందులో లిథియమే లేదు. లిథియం లవణం కలపగానే ద్రవం చిక్కబడి వాహకత పడిపోతుంది. అదీగాక లిథియం అయాన్‌ను టీఎఫ్‌ఎస్‌ఐ అయాన్లు చుట్టుముట్టి, మొత్తం మీద రుణావేశం ఉన్న గుంపుగా మారుస్తాయి. ఆ గుంపు విద్యుత్ క్షేత్రంలో లిథియం వెళ్లాల్సిన దిక్కుకు ఎదురు దిక్కున కూడా పోగలదు. తిరునాళ్లలో జనమంతా కదులుతూనే ఉంటారు, మనవాడు గుడి దాకా చేరాడా అన్నదే మనకు కావాలి. మొత్తం ప్రవాహంలో లిథియం వాటా చాలాసార్లు ఐదో వంతుకు కూడా రాదు. పాలిమర్ చేరాక ఇంకా నెమ్మదిస్తుంది. వేగంగా ఛార్జ్ చేయబోతే ఎలక్ట్రోడ్ దగ్గర లిథియం కరువవుతుంది. ఇలాంటి సెల్‌ల పరీక్షలు తరచుగా 60 డిగ్రీల ప్రాంతంలో చేయడానికి ఇదొక కారణం.

సూపర్‌కెపాసిటర్ సంగతి వేరు. అక్కడ రెండు రకాల అయాన్లూ పనికొస్తాయి, ఎవరు కదిలినా లాభమే. నన్నడిగితే ఈ జెల్‌కు ముందు సరిపోయే చోటు అదే.

నీటిలో కలవని రకం కాబట్టి తేమ భయం లేదన్నది ఇంకో భరోసా. అవీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. విశాఖ ఉక్కపోతలో మూత తీసి ఉంచితే లిథియం లోహంతో వాడటానికి పనికిరావు.

ఇక ‘హరిత ద్రావకం’ అన్న బిరుదు. ఆవిరి కానంత మాత్రాన విషం కాకుండా పోదు. పొడవాటి కార్బన్ గొలుసులున్న ఇమిడజోలియం ద్రవాలు నీటిలోని జీవులకు హాని చేస్తాయని పరీక్షల్లో తేలింది. 2021 నాటి ఓఈసీడీ నిర్వచనం ప్రకారం టీఎఫ్‌ఎస్‌ఐ, జెల్‌కు ఆధారమైన పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ రెండూ ప్రకృతిలో అంత తేలిగ్గా నశించని పీఫాస్ రసాయనాల కిందికే వస్తాయి. ఫ్లోరిన్ లేని డైసయనమైడ్ వంటి అయాన్లు ఉన్నా, అవి ఎక్కువ వోల్టేజీని టీఎఫ్‌ఎస్‌ఐ అంతగా తట్టుకోవు.