చిక్కం కాదు, మాస్కు



గత వేసవిలో కాశిబుగ్గలో ఒక విశ్వాసి ఇంట రాత్రి ప్రార్థన ముగిసేసరికి పిల్లలు టీవీ పెట్టారు. ఏదో పాతకాలపు ఇంగ్లీషు సినిమా. ఆపరేషన్ బల్లమీద ఒక స్త్రీ. ఆమె ముక్కూ నోరూ కప్పేలా తీగలతో అల్లిన చిన్న బుట్టలాంటిది బోర్లించి, సీసాలోంచి ఏదో చుక్కలు చుక్కలుగా వేస్తున్నారు. "టీ జల్లెడ!" అని పిల్లలు నవ్వారు. "కాదురా, కోడె మూతికి కట్టే చిక్కం" అన్నది అవ్వ.

మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకరు అక్కడే ఉన్నారు. "అది మత్తుమందు మాస్కు అయ్యగారూ. మా పాత బీరువాలో ఒకటి ఉండేది" అన్నారు.

దాని పేరు షిమ్మెల్‌బుష్ మాస్కు. 1890 ప్రాంతంలో కుర్ట్ షిమ్మెల్‌బుష్ అనే జర్మన్ సర్జన్ రూపొందించారు. తీగల చట్రంమీద గాజుగుడ్డ పరచి బిగిస్తారు. దానిమీద క్లోరోఫారమో ఈథరో చుక్కలుగా వేస్తే ఆవిరై, గాలితో కలిసి ఊపిరిలోకి పోతుంది. తడిగుడ్డ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆ చట్రం గుడ్డను ఎత్తి ఉంచుతుంది.

అవ్వ ఊరుకోలేదు. "నొప్పితో కనాలని దేవుడే అన్నాడు గదా, మత్తు తీసుకుంటే పాపం కాదా?" నిండు నెలల మనుమరాలు పక్కగదిలో వింటున్నది. ఆపరేషన్ కావలసి రావచ్చని డాక్టరమ్మ ఆమెకు చెప్పి ఉన్నది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పులకు క్లోరోఫారం వాడినప్పుడు ఇదే అభ్యంతరం వచ్చింది. ఆయన బైబిలుతోనే జవాబిచ్చారు: ఆదాము ప్రక్కటెముక తీసేముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేయలేదా? (ఆదికాండము 2వ అధ్యాయం.) థియాలజీ డిప్లొమా చదివినా నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు! 1853లో విక్టోరియా రాణి లియోపోల్డ్‌ను కన్నప్పుడు డాక్టర్ జాన్ స్నో ఆమెకు క్లోరోఫారం ఇచ్చారు.

అయితే భయమూ నిజమే. 1848 జనవరిలో ఇంగ్లాండులో కాలిగోరు తీయించుకోబోయిన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల క్లోరోఫారంతో చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? దీనికి జవాబు వెదికింది మన హైదరాబాదులోనే. ఆరవ నిజాం సొమ్ముతో సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపారు. రెండోసారి లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. జంతువులమీద పరీక్షించి, ఊపిరే ముందు ఆగుతుంది, దాన్నే గమనించండి అన్నారు. అది సగమే నిజం. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. క్లోరోఫారం తర్వాత ఆపరేషన్ గదులనుంచి తొలగిపోయింది. హైదరాబాదు మెడికల్ స్కూలులో చదివి ఆ మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తుడాక్టర్లలో ఒకరిగా చెబుతారు.

ఇదంతా అవ్వకు చెప్పి, ఇప్పుడు నడుముకు ఇంజెక్షన్ ఇస్తారు, తల్లి మెలకువగానే ఉంటుంది అన్నాను. ఆమె మాట్లాడలేదు. పక్కగదిలోంచి మనుమరాలు వచ్చి గడప దగ్గర కూర్చున్నది.

పది రోజులకు ఆపరేషనే అయింది, ఆడపిల్ల. ప్రార్థన చేయడానికి ఆసుపత్రికి వెళ్తే అవ్వ నన్ను వరండాలోనే ఆపింది: "దీనికి ఆ చిక్కం పెట్టనే లేదట గదా అయ్యగారూ!"