ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటే చెడిపోయినట్టేనా?

హాల్ టికెట్టో, ఆదాయ ధ్రువపత్రమో చేతికి రావలసిన సమయానికే ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తే యంత్రం పాడైందనే అనుకుంటాం. నిజానికి నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఈ రోజు పలకకపోతే, లోపం చాలాసార్లు దానికీ కంప్యూటరుకూ మధ్య తెగిన సంబంధంలోనే ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. స్కానర్ ఉన్న ప్రింటరైతే అద్దం మీద ఏదైనా కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. నకలు సరిగా వచ్చిందంటే ముద్రించే భాగానికి ఏ లోపమూ లేదు.

ఇంట్లోని ప్రతి వైఫై పరికరానికీ రూటర్ ఒక ఐపీ అడ్రస్ కేటాయిస్తుంది. అది సాధారణంగా శాశ్వతం కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ మళ్లీ మొదలై ప్రింటరుకు కొత్త అడ్రస్ ఇవ్వవచ్చు. కంప్యూటర్ మాత్రం పాత అడ్రసుకే పత్రాలు పంపుతూ ఉంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి పాత గుమ్మం ముందు నిలబడి పిలిచినట్టన్నమాట! కోతలు తరచుగా ఉండే ఊళ్లలో ఈ చిక్కు మళ్లీ మళ్లీ ఎదురుకావడంలో ఆశ్చర్యం లేదు.

ఇలాంటప్పుడు మూడింటినీ ఆపి, ముందుగా రూటర్, రెండు నిమిషాల తర్వాత ప్రింటర్, చివరగా కంప్యూటర్ ఆన్ చేయాలి. అప్పటికీ కుదరకపోతే ప్రింటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి దానికి అడ్రసే అందలేదని అర్థం. వైఫై పాస్‌వర్డ్ ఇటీవల మార్చారేమో గుర్తు చేసుకోండి. ఫోన్లలో కొత్తది నమోదు చేసుకుంటాం కానీ ప్రింటర్ సంగతి మరచిపోతాం. అడ్రస్ సక్రమంగానే ఉంటే, కంప్యూటర్ జాబితా నుంచి ప్రింటర్‌ను తొలగించి మళ్లీ చేర్చాలి. రూటర్‌లో ప్రింటరుకు ఒకే అడ్రస్ రిజర్వ్ చేయిస్తే ఈ బెడద మళ్లీ రాదు.

కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో సమస్య వేరు. నేటి రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో సంకేతాలు పంపుతాయి. తక్కువ ధర ప్రింటర్లలో చాలావాటికి మొదటిదే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు వాటి జాబితాలో కనిపించనే కనిపించదు. 2.4 బ్యాండ్ పేరును ఎంచుకోవాలి. రెండింటికీ ఒకే పేరు ఉండి ప్రింటర్ కలవకపోతే, సెటప్ పూర్తయ్యేవరకు 5 గిగాహెర్ట్జ్‌ను ఆపివేయవచ్చు.

ప్రింట్ రావడం లేదని బటన్ పదిసార్లు నొక్కవద్దు. అవన్నీ క్యూలో చేరి, ప్రింటర్ కోలుకోగానే పది ప్రతులు బయటికొస్తాయి. క్యూలోని పత్రాలన్నీ రద్దు చేయండి. అవి కదలకపోతే విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను రీస్టార్ట్ చేయాలి. తొందరగా కావాలంటే ప్రింటర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటరుకు నేరుగా కలపడమే మేలు.

ఇవేవీ ఫలించక కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికేవారికి అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. వెతికినప్పుడు పైన కనిపించే నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. ‘సర్వీస్ ఇంజినీర్’నంటూ మాట్లాడే వ్యక్తి ముందు స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటాడు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కోసం పది రూపాయలు చెల్లించమంటాడు. మీరు టైపు చేసే పిన్, వచ్చే ఓటీపీ అన్నీ అతనికి కనిపిస్తాయి. పోయేది పది రూపాయలు కాదు, ఖాతాలోని సొమ్ము. నంబరును వారంటీ కార్డు నుంచో, కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచో మాత్రమే తీసుకోండి. ఇప్పటికే అలాంటి యాప్ వేసుకుని ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, బ్యాంకుకు తెలపండి. డబ్బు పోతే జాప్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే ఆ సొమ్మును మధ్యలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.