బియ్యపుబస్తాలో విషవాయువు

గడచిన వర్షకాలమున మధురవాడలో మా పొరుగింటి యిల్లాలు వచ్చి, "అక్కగారూ! ఊరినుండి తెచ్చుకొన్న బియ్యమునకు పురుగు పట్టినది. తెలిసినవారొకరు గోదాములలో వాడు బిళ్ళలు రెండిచ్చెదమనిరి. గుడ్డలో చుట్టి బస్తాలో వేసిన చాలునట. వేయుదునా?" అని యడిగినది. బస్తా యెక్కడ నున్నదని మేమడుగగా, పిల్లలు పరుండు గదిలో మంచముక్రింద నున్నదని చెప్పినది. మా గుండె ఝల్లుమన్నది. ఆమెకు చెప్పిన మాటలనే సోదరీమణులందరికిని విన్నవించుచున్నాము.

ఆ బిళ్ళ పేరు అల్యూమినియం ఫాస్ఫైడు. గాలిలోని తేమ సోకినంతనే దానినుండి ఫాస్ఫీను అను విషవాయువు వెలువడును. పురుగును చంపునది ఈ వాయువే. ఇది గింజ గింజకు నడుమ దూరి, దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తిని చెరచును. పురుగునకైనను పసిబిడ్డకైనను దాని పని యొక్కటే. గుడ్డ దాని నాపజాలదు. గోడల బీటలగుండ పొరుగింటికిని పోగలదు.

3 గ్రాముల బిళ్ళనుండి సుమారు 1 గ్రాము వాయువు పుట్టును. పది అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే యెత్తు గల గదిని మూసియుంచి, రెండు బిళ్ళల వాయువంతయు నందు నిలిచినదనుకొన్నచో, గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 50 పాళ్ళగును. ప్రాణమునకు తక్షణాపాయకరమని అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు నిర్ణయించిన హద్దు అదియే. వెల్లుల్లివంటి వాసనయో, కుళ్ళిన చేపల వాసనయో వచ్చుట కలదు గాని, వాసన లేదు గనుక భయము లేదని తలపరాదు.

మరి గోదాములలో నెట్లు వాడుదురు? శిక్షణ పొందినవారు బస్తాల దొంతరలపై గాలి చొరని పట్టాలు కప్పి, అంచులపై ఇసుకసంచులు పేర్చి, హెచ్చరిక పలకలు కట్టి, కొన్నిదినము లెవ్వరిని దరిజేరనీయరు. పిమ్మట గాలి యాడనిచ్చి, వాయువు పోయినదని కొలిచి చూచిన తరువాతనే లోనికి పోవుదురు. మన దేశమున ఈ మందును ప్రభుత్వ సంస్థలును, నిపుణుల పర్యవేక్షణమున చీడనివారణ చేయువారును తప్ప నితరులు వాడరాదని నిబంధన కలదు. ఇట్టి బిళ్ళలు పదేసియు నిరువదేసియు గల చిన్న గొట్టములను 2001 సంవత్సరమున పూర్తిగా నిషేధించిరి.

ఇంటిలో నెవరైన తెలియక వేసియున్నచో, దానిపై నీళ్లు చల్లరాదు. చల్లినచో వాయువు మరింత వేగముగా పుట్టును. తలుపులు తెరచి, అందరును వెలుపలికి పోవలెను. తలనొప్పి, వాంతి, ఆయాసము కన్పట్టినచో ఇంటివైద్యముతో కాలము పుచ్చక 108కి ఫోను చేయవలెను. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

వెనుకటి యిండ్లలో ధాన్యమునకు గాదెలుండెడివి. నేటి అపార్టుమెంటులలో బస్తాయు మనమును ఒకే గదిలో నుందుము. కావున నెలకు చాలినంతయే తెచ్చుకొనుట మేలు. పురుగు పట్టిన బియ్యమును ఆరబోసి, చేటతో చెరిగి, తడిలేని డబ్బాలో గట్టిగా మూత పెట్టవలెను. ఎండిన వేపాకు వేయవచ్చును. పప్పుల కాముదము పట్టించుట మన పెద్దలెరిగినదే. కొద్దిపాటి దినుసులను నాలుగైదు దినములు ఫ్రీజరులో నుంచినను పురుగు నశించును.

హాలాహలమును మ్రింగుమని సర్వమంగళ శివున కనుమతించినది. దానిని కంఠమున నిలుపగల భర్త యామెకుండెను. మన యింట నట్టివా రెవ్వరును లేరు. మా పొరుగింటి యిల్లాలు బిళ్ళలు వలదని చెప్పి, ఆ సాయంకాలమే బియ్యమును వసారాలో పరచి చెరుగ నారంభించినది. మేమును ఒక చేట తీసికొని పోయి ఆమె ప్రక్కన కూర్చుంటిమి.