కడుపునొప్పి యనిన నేది నొచ్చినట్లు?

పోపులపెట్టెలో నే గిన్నెయం దేది యున్నదో కన్నులు మూసికొని చెప్పగలము. మన దేహములో నే యవయవ మెచ్చట నున్నదో మాత్రము చెప్పజాలము. బొడ్డునకు పైని నొచ్చినను, క్రింద నొచ్చినను "కడుపునొప్పి" యని వాము నమలి మరల పనిలో బడుట మే మెఱిగిన యిండ్లలో సామాన్యము.

ఱొమ్ములో నిరువైపుల నూపిరితిత్తులును, వాని నడుమ, కొంచె మెడమకు, పిడికిలియంత గుండెయు గలవు. వీనిక్రింద గొడుగువలె నొక కండరపు తెర యున్నది. దానికి దిగువ కుడివైపున కాలేయము, ఎడమవైపున జీర్ణకోశము, ప్లీహము. నడుమ సుమారు 20 అడుగుల చిన్నప్రేవు చుట్టలుగా నుండును. వెనుక నిరుప్రక్కల మూత్రపిండములు గలవు. పొత్తికడుపులో, మూత్రాశయమునకు వెనుక, సుమారు 3 అంగుళముల గర్భాశయమును, దాని కిరుప్రక్కల బాదముగింజలంత యండాశయములును, వానిని గర్భాశయముతో గలుపు సన్నని నాళములును గలవు.

తెరకు పైని గుండె, క్రింద జీర్ణకోశము. కావున గుండెపోటు కొందఱికి పైకడుపు నొప్పిగా దోచును. స్త్రీలకు ఱొమ్మునొప్పి యంతగా లేకయే యాయాసము, వాంతి, చెమట, వెన్నునొప్పి, దవడనొప్పి కలుగవచ్చును. అట్లే, నెల తప్పిన పిమ్మట పొత్తికడుపున నొకప్రక్క తీవ్రముగా నొచ్చినచో, గర్భము నాళములో నిలిచి యుండవచ్చును. నాళము చిట్లిన ప్రాణాపాయము. ఈ రెంట వాము పనికిరాదు; వెంటనే 108కి ఫోను చేయించి యాసుపత్రికి బోవలెను.

అచ్చట నొప్పి తావును వ్రేలితో జూపుడు. నెల తప్పిన దినములు దాచకుడు. మన బిడ్డలు పెరిగిన చోటి పేరు పలుకుటకు సిగ్గేల?