తప్పటడుగు ఎక్కడ మొదలైంది?

సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలే వేళ విద్యార్థుల్ని గమనించండి. మెట్రోలోనో, టీకొట్టు దగ్గరో, హాస్టల్ మెట్ల మీదో కూర్చుని కొందరు ఫోన్‌లో చదరంగం ఆడుతుంటారు. అవతలివాడు బ్రెజిల్‌లో ఉన్నాడో, బెజవాడలో ఉన్నాడో తెలియదు. ఒక్కొక్కరికి పది లేక పదిహేను నిమిషాల గడువు. దీన్నే ర్యాపిడ్ ఆట అంటారు. అరగంటలో గెలుపోటములు తేలిపోతాయి. ఓడినవాడి వేలు సాధారణంగా ‘కొత్త ఆట’ అనే బటన్ మీదికి పోతుంది. ‘విశ్లేషణ’ అనే మరో బటన్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని నొక్కడానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ ధైర్యం గురించే ఈ వారం ఆలోచిద్దాం.

విశ్లేషణ అంటే ముగిసిన ఆటను మొదటి ఎత్తు నుంచి మళ్లీ చూసుకోవడం. ఈ రోజుల్లో అందుకు కంప్యూటర్ తోడుంది. 2008లో మొదలై ఉచితంగా అందరికీ దొరుకుతున్న స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాం ప్రపంచ చాంపియన్లకన్నా బాగా ఆడుతుంది. అది మన ఆటనంతా క్షణాల్లో చూసి, పొరపాటుకు ఒక ప్రశ్నార్థకం, ఘోరమైన తప్పుకు రెండు ప్రశ్నార్థకాలు పెడుతుంది. అయితే ఏ ఎత్తు తప్పో అది చెప్పగలదు గాని, ఆ ఎత్తు మన చేతికి ఎందుకొచ్చిందో చెప్పలేదు. ఆ పని ఆడినవాడిదే.

ఒక ఉదాహరణ చూద్దాం. రాజు కోట కట్టుకుని మూడు బంట్ల వెనుక భద్రంగా కూర్చున్నాడు. చివరి వరుసకు కాపలాగా ఒక ఏనుగు ఉంది. ముప్పై ఒకటో ఎత్తులో ఆ ఏనుగు ఒక బంటుకు ఆశపడి కాపలా విడిచి వెళ్లింది. వెంటనే ప్రత్యర్థి ఏనుగు ఆ వరుసలోకి దిగింది. రాజు ముందుకు జరుగుదామంటే సొంత బంట్లే గోడలా అడ్డు. ఆటకట్టు! కంప్యూటర్ ముప్పై ఒకటో ఎత్తుకు రెండు ప్రశ్నార్థకాలు పెడుతుంది. కాని ఓపికగా వెనక్కి వెళితే ఇరవై నాలుగో ఎత్తులో కాస్త తీరిక దొరికిందని తెలుస్తుంది. అప్పుడు ఒక్క బంటును ఒక్క గడి ముందుకు జరిపి ఉంటే రాజుకు దారి ఉండేది. ప్రమాదమేమీ కనబడలేదు గనుక జరపలేదు. ఓటమి అక్కడే పుట్టి, ముప్పై ఒకటో ఎత్తులో బయటపడింది.

ఫోన్‌లో ఆడే ఆట మరొక సాక్ష్యాన్ని కూడా దాచి ఉంచుతుంది. ఏ ఎత్తుకు ఎన్ని సెకన్లు తీసుకున్నామో అందులో నమోదవుతుంది. ‘టైం లేక ఓడిపోయాను’ అన్న యువకుడు ఆ లెక్క చూస్తే ఒక్కోసారి నివ్వెరపోతాడు. గడియారంలో ఇంకా ఆరు నిమిషాలున్నాయి. కొంప ముంచిన ఎత్తుకు అతడు తీసుకున్నది మూడు సెకన్లు!

అందుకే కంప్యూటర్‌ను అడగకముందే మన బుద్ధిని అడగాలి. ఆట జ్ఞాపకంలో ఉండగానే, ఫలానా చోట ఏమనుకుని ఆ ఎత్తు వేశామో కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాతే యంత్రం మాట వినాలి. అప్పుడు తప్పులు రకరకాలుగా విడిపోతాయి. ప్రత్యర్థి బెదిరింపును చూడనే లేదా? చూసి కూడా తొందరపడ్డామా? అసలు ఆ స్థితిలో ఏం చేయాలో తెలియదా? అంతకుముందు ఆటలో ఓడిన కోపంతో ఆడామా? ఒక్కొక్క దానికి ఒక్కొక్క మందు. తెలియనిది నేర్చుకోవచ్చు. కోపంతో ఆడేవాడు మాత్రం ఎంత నేర్చినా మళ్లీ ఓడతాడు.

1948లో ప్రపంచ చాంపియన్ అయిన రష్యన్ ఆటగాడు మిఖాయిల్ బోత్విన్నిక్ ఇంకొక మెట్టు ముందుకెళ్లాడు. ఆటగాడు తన ఆటలను తానే విశ్లేషించి, ఆ విశ్లేషణను ప్రచురించాలని ఆయన చెప్పేవాడు. పదిమంది చదివి తప్పులు పడతారు గనుక మనిషి తనను తాను మోసగించుకునే వీలుండదని ఆయన ఉద్దేశం. ఇతరుల బల్ల మీద తప్పు మనకు ఇట్టే కనబడుతుంది, మన బల్ల మీద కనబడదు.

దావీదు కథలో జరిగింది ఇదే (2 సమూయేలు 11, 12 అధ్యాయాలు). అతని పాపం ఎక్కడుందని అడిగితే చాలామంది బత్షెబను పిలిపించిన రాత్రినే చూపిస్తారు. గ్రంథకర్త కథను అంతకు ముందునుంచే మొదలుపెట్టాడు. రాజులు యుద్ధానికి బయల్దేరే కాలంలో దావీదు యోవాబును పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీదినుంచి లేచి మిద్దె మీద తిరిగాడు, చూశాడు, ఎవరని విచారించాడు. ఆమె ఊరియా భార్య అని చెప్పారు. అక్కడ ఆగవచ్చు, ఆగలేదు. ఆ తరువాత తప్పును కప్పడానికి ఊరియాను యుద్ధరంగం నుంచి రప్పించాడు. అది పారకపోతే అతని చావు ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు. ప్రతి ఎత్తూ ముందరి ఎత్తును కాపాడుకోవడానికి వేసిందే.

అప్పుడు దేవుడు నాతానును పంపాడు. ఆ ప్రవక్త బీదవాని గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుని కథ చెప్పాడు. ఇతరుల బల్ల గనుక దావీదుకు న్యాయం స్పష్టంగా కనబడింది, కోపం కూడా వచ్చింది. ఆ బల్ల నీదేనని ప్రవక్త చూపించాక అతడు వాదించలేదు. ఆ సందర్భంలోనిదిగా చెప్పే 51వ కీర్తన మొత్తం వెదికినా ఇతరుల మీద నింద ఒక్కటి కూడా కనబడదు.

సౌలు దీనికి భిన్నం (1 సమూయేలు 15). అమాలేకీయుల మంచి గొర్రెలను, ఎడ్లను ఎందుకు మిగిల్చావని సమూయేలు అడిగితే జనులు మిగిల్చారన్నాడు, అదీ బలి అర్పించడానికేనన్నాడు. చివరికి తప్పు ఒప్పుకున్నాడు గాని, పెద్దల యెదుట తనను ఘనపరచమని అదే నోటితో కోరాడు. అతని విశ్లేషణలో తప్పు ఎప్పుడూ పక్కవాడిదే.

అయితే ప్రతి నష్టానికీ మనమే కారణమని కుమిలిపోవడం కూడా సత్యం కాదు. 2020లో కరోనా వల్ల చెస్ ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు అయిదు సెకన్ల చొప్పున అదనపు సమయంతో ర్యాపిడ్ పోటీగా జరిపారు. మన జట్టులో విజయవాడకు చెందిన కోనేరు హంపి, గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్ జరుగుతుండగా ఇంటర్నెట్ అంతరాయంతో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ ఆటల్లో సమయం కోల్పోయారు. మన జట్టు అప్పీలు చేయగా, ఫిడే రెండు దేశాలకూ స్వర్ణం ప్రకటించింది. అది నెట్‌వర్క్ తప్పే. కాని ప్రతి ఓటమికీ నెట్‌వర్క్‌నే తిట్టేవాడు ఎన్నటికీ ఎదగడు. నా చేతిలో లేనిదేది, నా చేతిలో ఉండీ నేను జారవిడిచినదేది అని నిజాయితీగా విడదీయడమే ఆత్మపరిశీలన.

ఓటమి దగ్గరే ఆగిపోనక్కరలేదని కూడా హంపి ఆట చెబుతోంది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో ఆమె మొదటి రౌండే ఓడిపోయింది. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో చాంపియన్ అయింది. 2019లో మాస్కోలో గెలిచిన తరువాత ఆమెకు అది రెండో టైటిల్. ఆ తరువాత 2025 జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో, ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. అయిదేళ్ల క్రితం ఆన్‌లైన్ జట్టులో ఆమెతో పాటు ఆడిన పిల్ల ఆ దివ్య. మేటి ఆటగాళ్లకూ గడియారం ముందు చెయ్యి తడబడుతుంది.

ఓడి రేటింగ్ పడిపోయినప్పుడు కొందరు పాత ఖాతా వదిలేసి, కొత్త పేరుతో మరో ఖాతా తెరుస్తారు. పేరు కొత్తదే గాని ఆడే చెయ్యి పాతదే. నెల తిరిగేసరికి రేటింగ్ మళ్లీ అక్కడికే వస్తుంది. సంఘాల్లో కూడా ఇది చూస్తున్నాం. ఒక సంఘంలో ఎవరితోనో మాట తప్పుతారు, లేక అప్పు ఎగవేస్తారు. దాన్ని సరిచేసుకోకుండా నాలుగు వీధుల అవతల మరో సంఘంలో చేరిపోతారు. అక్కడా రెండేళ్లకు అదే కథ.

మనుష్యులు విశ్లేషణకు ఎందుకు భయపడతారు? ఎర్ర గుర్తులు లెక్కపెట్టేవారే గాని చేయి పట్టుకునేవారు లేరని. యంత్రం తప్పు చూపిస్తుంది, క్షమించలేదు. దేవుని సన్నిధిలో తప్పు చూపించేవాడే క్షమించేవాడు కూడా. దావీదు దాచుకోకుండా ఒప్పుకోగలిగింది అందుకే. క్షమాపణ దొరికినా అతని పాపఫలితాలు అతని ఇంట చాలాకాలం నిలిచాయన్నది కూడా వాక్యమే చెబుతోంది. కృప అంటే లెక్క చెరిపి కొత్త ఖాతా తెరవడం కాదు, పాత ఆటను దేవునితో కలిసి చూసుకోవడం.

తల్లిదండ్రులు ఈ మాట ఆలోచించాలి. కోచింగ్‌లో మాక్ టెస్టు మార్కులు తగ్గినప్పుడు ‘ఎందుకు తగ్గాయి?’ అని గద్దిస్తే పిల్లవాడు సౌలులా సాకు వెదుకుతాడు, లేదా పేపరే దాచేస్తాడు. ‘రా నాన్నా, ఎక్కడ తప్పిందో ఇద్దరం చూద్దాం’ అంటే పేపరు తెచ్చి ముందు పెడతాడు. ఆ పేపరు బయటికి వచ్చిందంటే సగం పని అయినట్టే.

రాత్రి ప్రార్థనలో ఆ రోజును ఒకసారి వెనక్కి తిప్పి చూద్దాం. మాట తూలిన క్షణం దగ్గర ఆగకుండా, అంతకుముందు మనసు ఎక్కడ వక్రించిందో వెదుకుదాం. మరునాడు ఉదయమే ఎవరిని క్షమాపణ అడగాలో వారి పేరు దేవుని యెదుట చెప్పుకుని పడుకుందాం. అట్టి ధైర్యాన్ని ప్రభువు మనకు దయచేయును గాక.